ఒక తొట్టిలో ఎంత మందు? యాంటీబయాటిక్ ఉత్పత్తిలో సామర్థ్యం లెక్క

భిలాయి సెక్టర్ 6లోని క్వార్టర్లలో రెండు రకాల ఉత్పత్తి గురించిన మాటలు వినిపిస్తాయి. ఒకటి ఉక్కు కర్మాగారం నుంచి షిఫ్టు దిగి వచ్చినవారిది: ఇవాళ ఫర్నేస్ ఎన్ని టన్నులు ఇచ్చింది, టన్నుకు కోక్ ఎంత పట్టింది అని. రెండోది తెలుగు ఇళ్ల వంటగదులది: ఈ డిసెంబరు చలికి ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగుతుందా, లేక గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచాలా అని. మొదటిది ఇంజనీరు లెక్క, రెండోది సూక్ష్మజీవుల సంగతి. ఈ రెండూ ఒకేచోట కలిసేది యాంటీబయాటిక్ కర్మాగారంలో. అక్కడ మందును తయారుచేసేది సూక్ష్మజీవి. అది ఎంత తయారుచేస్తుంది, ఎంత ఖర్చుతో, ఎంత కాలంలో అన్నది ఇంజనీరు చూసుకోవాలి.

భిలాయిలోని 8వ నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ ఘనపరిమాణం 4,060 ఘనపు మీటర్లు. రోజుకు 8,030 టన్నుల ద్రవ ఇనుము ఇచ్చేలా దాన్ని రూపొందించారు. అంటే ఒక్కో ఘనపు మీటరు చోటు నుంచి రోజుకు సుమారు రెండు టన్నులు. ఇప్పుడు పెనిసిలిన్ తయారయ్యే ఒక తొట్టిని తీసుకుందాం. దానిలో 100 ఘనపు మీటర్ల ద్రవం, లీటరుకు 50 గ్రాముల పెనిసిలిన్, శుభ్రం చేసి మళ్లీ నింపే సమయంతో కలిపి ఎనిమిది రోజులు అనుకుంటే, ఒక్కో ఘనపు మీటరుకు రోజుకు వచ్చేది ఆరు కిలోల పైచిలుకు మాత్రమే. లోహం పక్కన ఈ అంకె చాలా చిన్నది. అయినా ఇది దాదాపు ఎనభై ఏళ్ల కృషి ఫలితం. మొదట్లో ఇందులో వెయ్యో వంతు కూడా వచ్చేది కాదు.

మూడు ప్రశ్నలు, మూడు కొలతలు

కిణ్వన ప్రక్రియ సామర్థ్యాన్ని ఒకే అంకెతో చెప్పలేం. మొదటి ప్రశ్న: చివరికి లీటరు ద్రవంలో ఎన్ని గ్రాముల మందు ఉంది? దీన్ని గాఢత అంటారు. రెండోది: వేసిన చక్కెరలో ఎంత భాగం మందుగా మారింది? ఇది దిగుబడి. టన్ను ఇనుముకు కోక్ ఎంత అని అడగడం లాంటిదే ఇది. మూడోది: ఒక ఘనపు మీటరు తొట్టి రోజుకు ఎంత మందు ఇస్తుంది? ఇది ఉత్పాదకత.

ఈ మూడూ ఎప్పుడూ ఒకే దిశలో నడవవు. తొట్టిని మరో రెండు రోజులు నడిపితే గాఢత కాస్త పెరగవచ్చు. కానీ ఆ రెండు రోజులూ కొత్త విడతకు దొరకవు కాబట్టి ఉత్పాదకత పడిపోవచ్చు. చక్కెర ఎక్కువగా పోస్తే బూజు త్వరగా పెరుగుతుంది గానీ, ఆ చక్కెర మందుగా కాక బూజు శరీరంగా మారిపోతుంది. అందుకే ఏ దశలో ఏది అడ్డుపడుతోందో చూసి, దాన్ని సరిచేయడమే ఈ రంగంలో అసలు పని. ఒక అడ్డంకి తొలగగానే ఇంకొకటి బయటపడుతుంది. పెనిసిలిన్ చరిత్ర అంతా ఇలాగే నడిచింది.

రెండు యూనిట్ల నుంచి

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గమనించిన పెనిసిలియం బూజు మిల్లీలీటరు ద్రవంలో సుమారు రెండు యూనిట్ల పెనిసిలిన్ ఇచ్చేది. ఒక యూనిట్ అంటే 0.6 మైక్రోగ్రాములు. ఈ లెక్కన లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి ఈ మందు ఇచ్చినప్పుడు అతని స్థితి మెరుగుపడింది. మందు చాలక, అతని మూత్రం నుంచి కూడా పెనిసిలిన్ తిరిగి తీసి ఎక్కించారు. అయినా నిల్వ అయిపోయింది. మార్చిలో అతను మరణించాడు. మందు పనిచేయక కాదు, తగినంత తయారుచేయలేకపోవడం వల్ల పోయిన ప్రాణం అది.

అదే ఏడాది ఈ పని అమెరికాలోని పియోరియాలో ఉన్న వ్యవసాయ పరిశోధనశాలకు చేరింది. అంతవరకు బూజును పళ్లేల్లాంటి పాత్రల్లో ద్రవం ఉపరితలం మీద పెంచేవారు. మొక్కజొన్న నుంచి పిండి తీసే మిల్లుల్లో గింజలు నానబెట్టగా మిగిలే చిక్కటి ద్రవాన్ని ఆహారంలో కలిపితే పెనిసిలిన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని అక్కడ తేలింది. పైన పొరలా కాకుండా ద్రవం లోపలే మునిగి పెరిగే బూజు కోసం వెతగ్గా, 1943లో పియోరియా బజారులోని ఒక బూజు పట్టిన కర్బూజా పండు మీద మంచి రకం దొరికింది. 1944 మార్చిలో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఫైజర్ సంస్థ ఒక పాత ఐస్ ఫ్యాక్టరీలో 14 లోతైన తొట్లతో భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. పళ్లేల్లో పరుచుకున్న పని తొట్లలోకి దిగింది.

సూక్ష్మజీవిని ఒప్పించడం

బూజు తన అవసరానికి కావలసినంత పెనిసిలిన్ మాత్రమే తయారుచేస్తుంది. మనిషికి కావలసినంత తయారుచేయడం దాని దృష్టిలో వృథా ఖర్చు. ఆ పొదుపు అలవాటును మాన్పించడమే రకం మెరుగుదల.

కర్బూజా బూజు మీద మొదట ఎక్స్ కిరణాలు, తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, దాని జన్యువుల్లో మార్పులు వచ్చేలా చేశారు. ఆ మార్పుల్లో ఎక్కువ భాగం హానికరం, కొన్ని నిరుపయోగం. వేలల్లో ఒకటి ఎక్కువ మందు ఇచ్చేదై ఉంటుంది. దాన్ని ఏరి, మళ్లీ కిరణాలు పెట్టి, మళ్లీ ఏరాలి. ఇలా వచ్చిన క్యూ-176 అనే రకం మిల్లీలీటరుకు సుమారు 900 యూనిట్లు ఇచ్చింది. కానీ అది ఒక పసుపు రంగు పదార్థాన్ని కూడా వదిలేది. దాన్ని మందు నుంచి తొలగించడం మరో ఖర్చు. అందుకే తర్వాత ఆ రంగు వదలని రకాలను ఎంచుకున్నారు. ఎక్కువ తయారుచేయడంతో పాటు తేలిగ్గా శుద్ధి చేయగలిగేలా ఉండడం కూడా మంచి రకం లక్షణమే.

లోపల ఏం మారిందో చాలాకాలం తర్వాత గాని అర్థం కాలేదు. బూజు మూడు అమైనో ఆమ్లాలను కలిపి పెనిసిలిన్ అణువును కడుతుంది. ఈ పనికి కావలసిన మూడు ముఖ్యమైన జన్యువులు పక్కపక్కనే ఒక గుంపుగా ఉంటాయి. అధిక దిగుబడినిచ్చే పారిశ్రామిక రకాల్లో ఆ గుంపుకు ఒకటికి బదులు అనేక ప్రతులు ఉన్నట్టు తేలింది. కిరణాలు పెట్టి ఏరుతూ పోయినవారు తమకు తెలియకుండానే వీటిని ఎంచుకున్నారన్నమాట. 2008లో ఈ బూజు పూర్తి జన్యుక్రమం ప్రచురితమైంది. అయితే ప్రతులు రెట్టింపైతే మందు కూడా రెట్టింపు కాదు. ఆ జన్యువుల పని వేగం పెరిగితే, ముడిసరుకు అందించే దశో, చివరి అణువును అతికించే దశో వెనకబడుతుంది. ఇరుకు పక్క మలుపుకు మారుతుంది.

కడుపు నింపకూడదు, మాడ్చకూడదు

బూజుకు గ్లూకోజ్ ఒక్కసారిగా దొరికితే అది ఎదుగుదల మీద పడి పెనిసిలిన్ తయారీని పక్కన పెట్టేస్తుంది. తొలినాళ్లలో దీనికి మందు పాల చక్కెర లాక్టోజ్. బూజు దాన్ని నెమ్మదిగా విడగొట్టుకుని తింటుంది కాబట్టి ఆహారం దానంతట అదే కొంచెం కొంచెంగా అందేది. తర్వాత చవకైన గ్లూకోజ్‌నే చుక్క చుక్కగా పోయవచ్చని తేలింది. ఇదే దఫదఫాలుగా ఆహారం అందించే పద్ధతి. మొదటి రోజుల్లో బూజును పెరగనిచ్చి, తర్వాత బతకడానికి, మందు తయారీకి మాత్రమే సరిపడా చక్కెర ఇస్తారు. బెంజైల్ పెనిసిలిన్‌కు కావలసిన ఫినైల్ అసిటిక్ ఆమ్లాన్ని కూడా ఇలాగే పోయాలి. తక్కువైతే మందు తగ్గుతుంది, ఎక్కువైతే బూజుకు విషమవుతుంది.

ఇంత జాగ్రత్తకూ కారణం ఉంది. కిణ్వన శాస్త్ర పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం, వేసిన చక్కెరలో సుమారు 65 శాతం బూజు ప్రాణం నిలుపుకోవడానికే పోతుంది, 25 శాతం దాని ఎదుగుదలకు. పెనిసిలిన్‌కు మిగిలేది పది శాతం. ఈ పదిని పన్నెండు చేయగలిగితే అంతే చక్కెరతో మందు ఐదో వంతు పెరుగుతుంది.

ఆహారంలో చిన్న మార్పు ఏ మందు వస్తుందో కూడా నిర్ణయించగలదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడ బెంజమిన్ దుగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం నుంచి తెచ్చిన మట్టిలో ఒక స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవిని గుర్తించాడు. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆరియోమైసిన్ అణువులో ఒక క్లోరిన్ పరమాణువు ఉంటుంది. ఆహారంలో క్లోరైడ్ లేకుండా చేస్తే అదే సూక్ష్మజీవి క్లోరిన్ లేని టెట్రాసైక్లిన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. జీవి ఒకటే అయినా తిండి మారితే సరుకు మారుతుంది.

అరనిమిషానికి సరిపడా ఊపిరి

గాలితో నిండిన నీటిలో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. దట్టంగా పెరిగిన బూజు గంటకు లీటరుకు ఒక గ్రాము ఆక్సిజన్ వాడుకుంటుందనుకుంటే, ఆ 8 మిల్లీగ్రాములు అరనిమిషంలో అయిపోతాయి. అంటే కంప్రెసర్ ఆగినా, కలిపే రెక్కలు ఆగినా బూజుకు ఊపిరాడకపోవడానికి నిమిషం పట్టదు. అంతేకాదు, పెనిసిలిన్ వలయాన్ని మూసే ఎంజైమ్ పనిచేయడానికే ఆక్సిజన్ కావాలి. ఊపిరి తగ్గితే ముందు దెబ్బతినేది మందే.

గాలి ఎక్కువగా ఊదితే సరిపోదా? సరిపోదు. బూజు దారాల్లా పెరిగి ద్రవం గంజిలా చిక్కబడుతుంది. పెద్ద బుడగలు అందులోంచి అలా పైకి పోతాయి తప్ప ఆక్సిజన్ లోపలికి దిగదు. బుడగలను రెక్కలతో చిన్నవి చేయాలి. రెక్కలు మరీ వేగంగా తిరిగితే దారాలు తెగిపోతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, నురగ పొంగుతుంది. పైగా వాడుకున్న ఆక్సిజన్ అంతా వేడిగా బయటికి వస్తుంది. పైన చెప్పిన వేగంతో ఊపిరి పీల్చే 100 ఘనపు మీటర్ల తొట్టి నుంచి సుమారు 400 కిలోవాట్ల వేడిని ఎడతెగకుండా తీసేస్తూ, లోపల 25 డిగ్రీల దగ్గరే ఉంచాలి. చలికి ఇడ్లీ గిన్నెకు గుడ్డ చుట్టాల్సి వస్తే, ఇక్కడ ఏడాది పొడుగునా చల్లార్చాల్సి వస్తుంది. ప్రయోగశాల గాజు ఫ్లాస్కులో గొప్పగా పనిచేసిన రకం పెద్ద తొట్టిలో తేలిపోవడానికి చాలాసార్లు గాలి, వేడి ఈ రెండే కారణం.

అందుకే నేటి తొట్లలో కరిగిన ఆక్సిజన్‌ను, పీహెచ్‌ను, బయటికి వచ్చే వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను సెన్సర్లు ఎప్పటికప్పుడు కొలుస్తాయి. కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంటే చక్కెర పోసే వేగాన్ని కంప్యూటరే తగ్గిస్తుంది.

ఎనభై ఒక్క ప్రయోగాలా, తొమ్మిదా?

చక్కెర ఎంత, నత్రజని ఎంత, పీహెచ్ ఎంత, ఉష్ణోగ్రత ఎంత? ఈ నాలుగింటికీ మూడేసి విలువలు పరీక్షించాలంటే అన్ని కలయికలకూ 81 ప్రయోగాలు కావాలి. ఒక్కోదానికి వారం పడితే ఏడాదిన్నర గడుస్తుంది. ఒకదాన్నే మారుస్తూ మిగిలినవాటిని కదపకుండా ఉంచే పాత పద్ధతిలో ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావం తెలియదు.

ఇక్కడ ఆదుకున్నది ఒక తెలుగు గణాంక శాస్త్రవేత్త ఆలోచన. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1940ల్లో లంబ శ్రేణులు అనే పట్టికలను రూపొందించారు. ప్రతి రెండు అంశాల విలువలూ ఒకదానితో ఒకటి సమాన సార్లు జతపడేలా ప్రయోగాలను ఎంచుకునే పద్ధతి ఇది. దీనితో నాలుగు అంశాలు, మూడు విలువల సమస్యను తొమ్మిది ప్రయోగాల్లో తొలిగా అంచనా వేయవచ్చు. జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి కర్మాగారాల్లో ప్రచారం చేసిన పద్ధతికి పునాది ఈ పట్టికలే. యాంటీబయాటిక్ ఆహార మిశ్రమాలను మెరుగుపరిచే పరిశోధనల్లో ఈ రోజుకీ ఇవి కనిపిస్తాయి. తొమ్మిదితో అంతా తెలిసిపోదు. అంశాల మధ్య పరస్పర ప్రభావం ఇందులో దాగిపోవచ్చు. కాబట్టి దొరికిన ఉత్తమ కలయికను విడిగా మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

తొట్టి దాటాక

లీటరుకు 50 గ్రాములు వచ్చాయంటే సీసాలోకి 50 గ్రాములు చేరతాయని కాదు. ముందు బూజును వడకట్టాలి. ద్రవాన్ని చల్లబరచి, ఆమ్లం చేర్చి, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావణిలోకి పెనిసిలిన్‌ను లాగాలి. ఆమ్లంలో పెనిసిలిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి ఈ పని చల్లగా, వేగంగా జరగాలి. అక్కడి నుంచి మళ్లీ నీటిలోకి తెచ్చి, చివరకు స్ఫటికాలుగా తీయాలి.

ఇక్కడ నష్టాలు కూడుకోవు, గుణించుకుంటాయి. నాలుగు మెట్లు ఉండి ఒక్కోదానిలో 96 శాతం దక్కితే మొత్తం దక్కేది 85 శాతమే. ఒక్కో మెట్టును 98 శాతానికి తీసుకుపోతే మొత్తం 92 శాతం. 100 ఘనపు మీటర్ల తొట్టిలోని 5 టన్నుల్లో మొదటి లెక్కన చేతికి వచ్చేది 4.25 టన్నులు, రెండో లెక్కన 4.6 టన్నులు. బూజును ముట్టుకోకుండానే విడతకు 350 కిలోలు ఎక్కువ. అంత మేరకు మురుగులోకి పోయే యాంటీబయాటిక్ కూడా తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు. మిగిలిన బూజు ముద్దలోనూ, వ్యర్థజలంలోనూ మందు చెక్కుచెదరకుండా బయటికి పోతే, మట్టిలో, నీటిలో ఉన్న బ్యాక్టీరియా దానికి అలవాటుపడి నిరోధకత పెంచుకుంటుంది. మందును తయారుచేసే చోటే ఆ మందు పనికిరాకుండా పోవడానికి బీజం పడుతుంది. వేడితో గాని క్షారంతో గాని ఆ అణువు వలయాన్ని విరిచాకే వ్యర్థాన్ని వదలాలి. ఆ ఖర్చును కూడా కలిపి వేసినదే నిజమైన సామర్థ్యం లెక్క.

కాకినాడ లెక్క

భారతదేశానికి ఈ విద్య కొత్త కాదు. 1954లో పుణె దగ్గరి పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. భిలాయి ఉక్కుకు చేయి అందించిన సోవియట్ యూనియన్ సహకారంతోనే 1960ల్లో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారం వచ్చింది. కానీ పెద్ద తొట్లు, మెరుగైన రకాలు, చవక విద్యుత్తుతో చైనా ధర తగ్గించాక, మన దేశంలో పెనిసిలిన్-జి తయారీ ఒక్కొక్కటిగా మూతపడింది. పెనిసిలిన్-జి నుంచి 6-ఏపీఏ అనే మూలపదార్థం, దాని నుంచి అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వస్తాయి. పిల్లల దగ్గు జ్వరాలకు గ్రామాల మందుల దుకాణాల్లో సైతం దొరికే మందు మూలం దిగుమతి మీద ఆధారపడింది.

2020లో కేంద్ర ప్రభుత్వం ముడి ఔషధాల స్వదేశీ తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా, కాకినాడ దగ్గరి ప్రత్యేక ఆర్థిక మండలిలో ఏడాదికి 15,000 టన్నుల పెనిసిలిన్-జి సామర్థ్యంతో కర్మాగారం కట్టింది. 2024లో అక్కడ ఉత్పత్తి మొదలైంది.

పథకం ప్రకారం కిణ్వన ఉత్పత్తులకు మొదటి నాలుగేళ్లు అమ్మకాల విలువలో 20 శాతం, ఐదో ఏడు 15 శాతం, ఆరో ఏడు 5 శాతం ప్రోత్సాహకం దక్కుతుంది. తర్వాత ఆ ఊతకర్ర ఉండదు. అప్పుడు నిలబెట్టేది సామర్థ్యమే. పైన తీసుకున్న ఊహా తొట్టితో లెక్కిస్తే, 15,000 టన్నులకు 85 శాతం రాబట్టుకునేచోట ఏడాదికి దాదాపు 3,530 విడతలు నడపాలి, 92 శాతం రాబట్టుకునేచోట 3,260 చాలు. తేడా 270 విడతల చక్కెర, ఆవిరి, కరెంటు. మరో లెక్క: పెనిసిలిన్‌ను విరగ్గొట్టే బ్యాక్టీరియా ఒక్కటి లోపలికి జొరబడితే ఆ విడత మొత్తం పోతుంది. నూటికి రెండు విడతలు ఇలా పోతే ఏడాదికి 70, అంటే దాదాపు 300 టన్నుల మందు కాలువపాలు. తొట్టిని 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేసే పనివాడి శ్రద్ధ, ఒక వాల్వు సరిగా మూసుకోవడం, జన్యువుల్లో వచ్చిన గొప్ప మార్పుకు ఏమాత్రం తీసిపోవు.

ఫ్లెమింగ్ బూజు లీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఇచ్చింది. నేటి మంచి పారిశ్రామిక రకాలు లీటరుకు 50 గ్రాములు దాటుతున్నాయి. ఇది నలభై వేల రెట్ల పెరుగుదల. ఇందులో ఏ ఒక్క ఆవిష్కరణా మొత్తం ఘనతను తీసుకోలేదు. కర్బూజా పండు, మొక్కజొన్న నీరు, కిరణాలు, చుక్క చుక్కగా పోసిన చక్కెర, చిన్నవైన బుడగలు, తొమ్మిది ప్రయోగాల పట్టిక, చల్లగా వేగంగా జరిగిన శుద్ధి, ఇవన్నీ ఒకదానితో ఒకటి గుణించుకుని వచ్చిన ఫలితం అది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో మందు అయిపోయి ఒక రోగి మరణించాడు. ఆ స్థితి మళ్లీ రాకూడదంటే, తొట్టి దగ్గర నిలబడినవారు ఫర్నేస్ దగ్గర నిలబడినవారిలాగే రోజూ ఒకే ప్రశ్న అడుగుతూ ఉండాలి: ఇవాళ ఎక్కడ ఆగుతోంది?